ముల్లు నిలిచాక చెప్పండి: చూపు ఉండి వస్తువును పోల్చుకోలేని ఒక మామిడి గ్రేడర్ కేసు

మే మొదటి వారంలో, ఎండ దంచేస్తున్న ఒక మధ్యాహ్నం, దామలచెరువు వైపు నుంచి ఒక కుటుంబం తిరుపతిలోని మా క్లినిక్‌కు వచ్చింది. 56 ఏళ్ల పెద్దాయన, ఆయన భార్య, పెద్దకొడుకు. కూర్చోకముందే కొడుకు అన్నాడు: "మేడమ్, నాయనకు మతి పోతా ఉండాది. దువ్వెన చేతికిస్తే చెప్తాడు, ఎదురుగా పెడితే ఇదేంది అంటాడు."

ఆ అబ్బాయి ఆ ఒక్క మాటలో సగం రోగనిర్ధారణ చెప్పేశాడు. చేతికిస్తే తెలుస్తుంది, చూపిస్తే తెలియదు. మతి పోయినవాళ్లకు ఇలా ఉండదు.

ఈ కేసు రాయడానికి పెద్దాయన, ఆయన కుటుంబం ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. నేను క్లినికల్ సైకాలజిస్టును. మెదడుకు దెబ్బ తగిలినవాళ్ల జ్ఞాపకం, మాట, చూపు పరీక్షించి తిరిగి పనిలో పడేలా చేయడం నా రోజువారీ పని. పక్షవాతం తర్వాత చూపులో వచ్చే ఇలాంటి ఇబ్బందిని ఇళ్లలోనే కాదు, కొన్నిసార్లు వైద్యం చేసేచోట కూడా మతిమరుపు కింద జమకట్టేస్తున్నారు. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

జరిగింది ఇది. పెద్దాయన ముప్పై ఏళ్లుగా మామిడి మండీల్లో గ్రేడింగ్ చేస్తారు. ట్రాక్టర్ నుంచి కాయ కుప్ప పోయగానే బేనిషా ఒకవైపు, తోతాపురి ఒకవైపు, మచ్చకాయ ఇంకోవైపు విసిరేస్తూ పోతారు. ఆయన చెయ్యి ఎంత వేగంగా ఆడేదో భార్య చెప్తుంటే ఆమె ముఖంలో గర్వం కనిపించింది. మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున తలనొప్పి, కుడిపక్కంతా మసక. ఆస్పత్రిలో ఎమ్మారై తీస్తే మెదడు వెనుక భాగానికి రక్తం అందించే పోస్టీరియర్ సెరిబ్రల్ ఆర్టరీలో, ఎడమవైపు అడ్డు పడినట్లు తేలింది. చూపును చూసుకునే ఆక్సిపిటల్ లోబ్, దాన్ని ఆనుకుని చెవుల వైపు ఉండే టెంపొరల్ లోబ్ కింది భాగం దెబ్బతిన్నాయి. ఇదీ పక్షవాతమే, కానీ కాలూ చెయ్యీ బాగున్నాయి, మాట బాగుంది. వారం రోజుల్లో ఇంటికి పంపేశారు. బీపీ, షుగర్ మందులు, రక్తం పలచబడే మందు న్యూరాలజిస్టు రాసినవే వాడుతున్నారు.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు కష్టం. చెప్పుల వరసలో తన చెప్పులేవో తెలియదు. పళ్లెంలో ఉన్నది వడో ఇడ్లీయో నోట్లో పెట్టుకున్నాకే తెలుస్తుంది. కళ్లజోడు రెండుసార్లు మార్చారు. ఒకచోట మతిమరుపు జబ్బన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దాయన ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదని భార్య చెప్పింది.

నేను చేసిన మొదటి తప్పు

మొదటిరోజు మామూలుగా వాడే బొమ్మల కార్డులు తీశాను. 1980లో స్నాడ్‌గ్రాస్, వాండర్‌వార్ట్ తయారుచేసిన 260 గీతబొమ్మల సెట్టు ఇది, ప్రపంచమంతా పరిశోధనల్లో వాడతారు. మంచు మీద లాగే స్లెడ్డు బండి, ఆర్టిచోక్ లాంటివి తీసేసి, మనవాళ్లకు తెలిసినవే ఏరాను. అయినా పెద్దాయన దాదాపు ఒక్కటీ చెప్పలేదు. కత్తెర బొమ్మ చూసి "రెండు గుండ్రాలు, రెండు పుల్లలు" అన్నారు. అది నిజమే, బొమ్మలో ఉన్నది అదే. కానీ కత్తెర అని తట్టలేదు. ఆరోజు నా నోట్‌బుక్‌లో "తీవ్రమైన లోపం" అని రాసుకున్నాను.

మర్నాడు వస్తువులే తెచ్చి పెట్టాను. స్టీలు గ్లాసు, తాళంచెవి, దువ్వెన, వంకాయ, బెండకాయ, నిమ్మకాయ, కత్తెర, గరిటె, ఇలా 12. వాటిలో 4 చెప్పారు. వంకాయ వెంటనే చెప్పారు. నిమ్మకాయ చెప్పారు. బెండకాయను పచ్చిమిరపకాయ అన్నారు. గరిటెను "తాళంచెవి, పెద్దది" అన్నారు. గీతబొమ్మల్లో రంగు లేదు, మెరుపు లేదు, లోతు లేదు. వస్తువులో అవన్నీ ఉన్నాయి. ఇలాంటి రోగులకు వస్తువు సులువు, ఫోటో కష్టం, గీతబొమ్మ ఇంకా కష్టం. పుస్తకాల్లో చదివి తెలిసిన విషయమే. అయినా మొదటిరోజు కార్డులతో మొదలుపెట్టి ఒక మనిషిని గంటసేపు ఓడిపోనిచ్చాను. అప్పటి నుంచి నేను మొదట కూరగాయల సంచీ తీస్తాను, తర్వాతే కార్డులు.

ఇక ఏది బాగుంది, ఏది లేదు అని విడదీయాలి. కళ్లు మూసుకోమని తాళంచెవి చేతిలో పెడితే తడుముతూనే "తాళంచెవి" అన్నారు. చిల్లర గలగలలాడిస్తే "చిల్లర" అన్నారు. "తల దువ్వుకునేది ఏది?" అంటే "దువ్వెన" అన్నారు. అంటే పేర్లు పోలేదు, వస్తువుల గురించి తెలిసింది పోలేదు. కాగితం మీద ఇంటి బొమ్మ గీసి అలాగే గీయమంటే నిదానంగా గీశారు, కిటికీ కమ్మీలతో సహా. అయిపోయాక "ఇదేంది అన్నా?" అంటే "ఏవో గీతలు మేడమ్" అన్నారు. గీతలు కంటికి అందుతున్నాయి, వాటి అర్థమే అందటం లేదు.

ఇక్కడ ఇంకో అనుమానం తీర్చుకోవాలి. వస్తువు తెలిసి పేరొక్కటే రాకపోవచ్చు. అలాంటివాళ్లకు బ్రష్షు చూపిస్తే నోటితో చెప్పలేకపోయినా పళ్లు తోముకుంటున్నట్లు చేసి చూపిస్తారు. పెద్దాయనకు బ్రష్షు చూపించి "దీంతో ఏం చేస్తారో చేసి చూపించండి" అంటే చెయ్యి గాలిలో ఆగిపోయింది. చేతికి ఇచ్చాను. వెంటనే నోటి దగ్గరకు పోయింది.

1890లో లిస్సావర్ అనే జర్మన్ డాక్టర్ ఈ జబ్బును రెండుగా విడదీశాడు. ఆకారమే సరిగా కూడకపోవడం ఒకటి. ఆకారం కూడినా దాని అర్థంతో ముడిపడకపోవడం రెండోది. మరుసటి ఏడాది ఫ్రాయిడ్ దీనికి ఆగ్నోసియా అనే పేరు పెట్టాడు. పెద్దాయనది చాలావరకు రెండో రకం. కుడిపక్క చూపు సగం పోయింది. చదువు కూడా పోయింది, రాత పోలేదు. తన పేరు తనే రాసుకుని, రెండు నిమిషాల తర్వాత అదే కాగితం చూపిస్తే చదవలేకపోయారు. 1892లో డెజెరీన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ వివరించిన స్థితి ఇదే. తను రాసింది తనే చదవలేకపోయినప్పుడు పెద్దాయన కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆరోజు పరీక్ష ఆపేశాను.

ముఖాలు మాత్రం పోలేదు. భార్య గుమ్మంలోకి రాగానే గుర్తుపట్టారు. ఫోన్‌లో మనవడి ఫోటో చూపిస్తే నవ్వారు. "మనుషుల్ని గుర్తుపడతాడు, గ్లాసును గుర్తుపట్టడు, నాటకం ఆడతా ఉండాడేమో" అని బంధువులు అన్నారట. నాటకం కాదు. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం ముఖాలకు ఎక్కువగా స్పందించే ఒక ప్రాంతాన్ని మెదడు కింది భాగంలో, ఫ్యూజిఫార్మ్ మడతలో చూపించింది. చాలామందిలో అది కుడివైపు బలంగా ఉంటుంది. పెద్దాయనకు దెబ్బ తగిలింది ఎడమవైపు. ఈ మాట బంధువులకు కాగితం మీద మెదడు బొమ్మ గీసి చెప్పాను. ఆ పావుగంట ఆయనకు అన్ని పరీక్షలకంటే ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.

తొందర

మూడోసారి వచ్చినప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. అప్పుడు కనిపించింది నేను అంతకుముందు గమనించనిది. ఆయన తప్పు జవాబులు ఆలోచించి చెప్తున్నవి కావు. వస్తువు పెట్టీపెట్టకముందే, ఒకటి రెండు సెకన్లలో మాట పడిపోతోంది. పక్కన కొడుకు "చెప్పు నాయనా, చెప్పు, తెలిసిందే కదా" అంటున్నాడు.

ముప్పై ఏళ్లు ఆయనకు ఆ వేగమే అన్నం పెట్టింది. మామూలు మెదడుకు ఆ వేగం సరిపోతుంది కూడా. 1996లో సైమన్ థోర్ప్ బృందం ఫ్రాన్స్‌లో ఒక ప్రయోగం చేసింది. ఒక ఫోటోను 20 మిల్లీసెకన్లు మాత్రమే చూపి, అందులో జంతువు ఉందా లేదా చెప్పమన్నారు. జవాబులు చాలావరకు సరిగ్గా వచ్చాయి. జంతువు ఉన్న ఫోటోకూ లేని ఫోటోకూ మెదడు తరంగాల్లో తేడా 150 మిల్లీసెకన్లకే కనిపించింది. ఇక ఆరితేరినవాళ్ల సంగతి వేరే. మనలాంటివాళ్లు మొదట "మామిడికాయ" అనుకుని, తర్వాత "బేనిషా" అంటాం. 1991లో టనాకా, టేలర్ అనే పరిశోధకులు కుక్కల గురించీ పక్షుల గురించీ బాగా తెలిసినవాళ్లను పరీక్షిస్తే, వాళ్లు "పక్షి" అన్నంత వేగంగానే దాని రకాన్నీ చెప్పారు. పెద్దాయన కూడా అలాంటివారే. ఆయన కంటికి ముందు పడేది మామిడికాయ కాదు, బేనిషా.

ఇప్పుడు ఆ వేగమే ఆయనకు అడ్డం. ఎందుకో చెప్పాలంటే మెదడు నిర్ణయం ఎలా తీసుకుంటుందో కొంచెం చెప్పాలి. చూపు అంటే తలుపు తీయగానే గది కనిపించినట్లు ఒక్కసారిగా జరిగేది కాదు. సాక్ష్యం కొంచెం కొంచెంగా పోగవుతుంది. ఒక హద్దు దాటాక మెదడు "ఇది ఫలానా" అని తేలుస్తుంది. 1978లో రోజర్ రాట్‌క్లిఫ్ అనే మనస్తత్వ పరిశోధకుడు దీన్ని లెక్కల రూపంలో పెట్టాడు. తర్వాత న్యూసమ్, షాడ్లెన్ లాంటి మెదడు పరిశోధకులు కోతులకు తెరమీద కదిలే చుక్కలు చూపించి, అవి ఎటు పోతున్నాయో చెప్పడం నేర్పారు. మెదడు పైభాగంలో, కనుచూపు కదలికకు సంబంధించిన ఒకచోట నాడీకణాల సంకేతాలు మెల్లగా పెరుగుతూ పోయి, ఒక స్థాయికి చేరాక కోతి కన్ను కదిపేది. చుక్కలు గజిబిజిగా ఉంటే ఆ పెరుగుదల నిదానం, స్పష్టంగా ఉంటే వేగం. ఆగే హద్దును ఎత్తితే జవాబు ఆలస్యమవుతుంది కానీ తప్పులు తగ్గుతాయి. దించితే వేగం పెరుగుతుంది, తప్పులూ పెరుగుతాయి.

పెద్దాయనలో జరుగుతున్నది ఇదేనని నాకు అనిపించింది. దెబ్బతిన్న దారిలో సాక్ష్యం సన్నగా, నెమ్మదిగా వస్తోంది. ఆగే హద్దు మాత్రం మండీ రోజుల్లో ఎక్కడుందో అక్కడే ఉంది, కొడుకు తొందరకు ఇంకా దిగుతోంది. వచ్చింది గుప్పెడు, తీర్పు మాత్రం గంపెడు వచ్చాక చెప్పినంత ధీమాగా.

దీన్ని ఆయనకు ఎలా చెప్పాలో రెండురోజులు తెలియలేదు. చివరికి ఆయన పనిలోంచే దొరికింది. "అన్నా, పాత కాటా మీద మూట వేయగానే తూకం రాసేస్తారా?" అని అడిగాను. "ఎట్ల రాస్తాం మేడమ్, ముల్లు ఆడతా ఉంటాది కదా" అన్నారు. "మీ కంటికి ఇప్పుడు ముల్లు చాలాసేపు ఆడుతోంది. నిలిచాక చెప్పండి." ఆయన కాసేపు నా వంక చూసి, మెల్లగా తల ఊపారు. ఆ తర్వాత ఆ మాట మా ఇద్దరిదీ అయిపోయింది. వస్తువు పెడితే కొన్నిసార్లు ఆయనే "ముల్లు ఆడతా ఉండాది మేడమ్, ఉండు" అనేవారు.

పద్ధతి సులువు. వస్తువు పెట్టాక పది సెకన్లు పేరు చెప్పకూడదు. ఆ లోపల రంగు చెప్పాలి, పొడవా గుండ్రమా చెప్పాలి, మెరుస్తుందా లేదా చెప్పాలి, తల అటూ ఇటూ తిప్పి చూడాలి. పక్కనున్నవాళ్లు నోరు మెదపకూడదు. కొడుకుకు ఇదే అన్నిటికంటే కష్టమైంది. రెండు వారాల తర్వాత అదే 12 వస్తువుల్లో 7 చెప్పారు. రోజూ చూస్తున్నవి కాబట్టి అలవాటయ్యాయేమోనని అంతకుముందు చూపించని 12 పెట్టాను. వాటిలో 6 చెప్పారు.

గీతబొమ్మల్లో మాత్రం ఎంతసేపు ఆగినా మార్పు లేదు. దీన్ని నేను ముఖ్యమైన ఫలితంగా చూస్తాను. ఆగడం వల్ల సాక్ష్యం పుట్టదు, వస్తున్న సాక్ష్యాన్ని పోగుచేసుకునే వ్యవధి మాత్రమే దొరుకుతుంది. బొమ్మలోంచి వచ్చేదే లేనప్పుడు ఎంత ఆగినా ముల్లు కదలదు. కాబట్టి ఇలాంటి రోగికి "నిదానంగా చూడు" అని ఊరికే చెప్తే సరిపోదు. నిదానంగా చూడటానికి రంగు, మెరుపు, కదలిక ఉన్న అసలు వస్తువు ఎదురుగా ఉండాలి.

బుట్ట

జూన్‌లో కొడుకు దామలచెరువు నుంచి ఒక బుట్ట కాయలు తెచ్చాడు. గది అంతా సొన వాసన. బేనిషా, తోతాపురి, అడుగున నాలుగు నీలం రకం కాయలు. టేబుల్ మీద పాత పేపర్ పరిచి బోర్లించాను. మొదట చూసి వేరు చేయమన్నాను. చెయ్యి పెట్టకూడదు, వేలితో చూపించాలి. బేనిషానూ తోతాపురినీ కలిపేశారు. "అన్నీ కాయలే" అన్నారు, గొంతు పూడుకుపోయింది.

తర్వాత కళ్లకు తువ్వాలు కట్టి, బుట్ట ఒళ్లో పెట్టాను. ఆయన చెయ్యి కాయ మీద పడిన తీరే వేరు. బొటనవేలు నేరుగా తొడిమ దగ్గరకు పోయింది, చూపుడు వేలు అడుగున ముక్కు కోసం వెతికింది. చిలక ముక్కులా వంకర తగిలితే తోతాపురి, ఎడమకు. తోలు నున్నగా, కాయ నిండుగా ఉంటే బేనిషా, కుడికి. నీలం కాయ ఒకటి చేతికి రాగానే ఆగారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఇది నీలం. ఇప్పుడే ఎందుకు కోసినారు దీన్ని? ఇంకా టైముంది కదా" అని కొడుకును కేకలేశారు. మార్చి తర్వాత ఆయన ఎవరినైనా కేకలేయడం అదే మొదటిసారట. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుట్ట మొత్తంలో ఆయన తప్పు పెట్టింది ఒక్క కాయ.

ఆ రోజు నుంచి శిక్షణ దారి మార్చాను. ముందు చెయ్యి, తర్వాత కన్ను. కాయ తడిమి, పేరు చెప్పి, అప్పుడు తువ్వాలు తీసి అదే కాయను పది సెకన్లు చూడాలి. వేలికి దొరికిన గుర్తు కంటికి ఎక్కడుందో వెతకాలి. "ముక్కు ఎక్కడుంది?" "తొడిమ పక్క భుజం నిండిందా?" ముప్పై ఏళ్లు చేసిన పనే అయినా ఈ గుర్తులను ఆయన ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. మాటల్లోకి వచ్చాక అవి కంటికి పట్టుకొమ్మలు అయ్యాయి. జూలై చివరికి తోతాపురిని చూసి చెప్పగలుగుతున్నారు, నిదానంగా. బేనిషా చాలాసార్లు చెప్తారు. నీలం ఇప్పటికీ చేతికి ఇవ్వాల్సిందే.

ఫస్టు, సెకండు రకాలుగా గ్రేడ్ వేయడం మాత్రం తిరిగి రాలేదు. దీని గురించి చాలా ఆలోచించాను. బేనిషాకూ తోతాపురికీ తేడా కాయలోనే ఉంది. ఫస్టుకూ సెకండుకూ మధ్య గీత కాయలో లేదు, దాన్ని గీసేది మండీ. పల్ప్ ఫ్యాక్టరీకి పోయే కాయకు ఒక గీత, బయటి రాష్ట్రానికి పండు కింద పోయే కాయకు ఒక గీత. మచ్చ ఎంత ఉంటే సెకండు అన్నది ఆరోజు బేరాన్ని బట్టి జరుగుతుంది. 2001లో ఫ్రీడ్‌మన్, మిల్లర్ బృందం కోతులకు పిల్లీ కుక్కా బొమ్మలను కంప్యూటర్‌లో కలగలిపి చూపించింది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ కణాలు ఆకారం ఎంత దగ్గరగా ఉందనే దానికంటే, గీతకు ఏ పక్కన ఉందనే దానికి ఎక్కువగా స్పందించాయి. పెద్దాయనకు ఆ భాగం బాగానే ఉంది. గీత ఎక్కడ గీయాలో ఆయన మాటల్లో ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్తారు. మచ్చ ఎంతుందో కన్ను అందించకపోతే, గీత గుర్తున్నా ఏ పక్కన వేయాలో తేలదు.

ఇల్లు

ఇంట్లో చేయించిన మార్పులు త్వరగా చెప్పేస్తాను. ప్రతి వస్తువుకూ ఒకే చోటు పెట్టించాం. ఫలానా చోట ఫలానాదే ఉంటుందని ముందే తెలిస్తే ముల్లు సున్నా దగ్గర మొదలవదు, సగం దూరం ముందే జరిగి ఉంటుంది. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. మనవడు ఒకరోజు వంటింటి అరలో నూనె సీసా ఉండే చోట ఫినాయిల్ సీసా పెట్టాడు. పెద్దాయన ఏమాత్రం అనుమానం లేకుండా తీసి భార్య చేతికిచ్చారు. వాసన వల్ల ఆమె గమనించింది. చోటును నమ్మేవాళ్ల ఇంట్లో ప్రమాదకరమైనవి ఆ గదిలోనే ఉండకూడదు. ఈ సంగతి నేను మొదటి వారమే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు అందరికీ మొదటిరోజే చెప్తున్నాను. బండి నడపొద్దని కూడా గట్టిగా చెప్పాను. కుడిపక్క చూపు లేదు, రోడ్డు దాటేటప్పుడు తల పూర్తిగా కుడికి తిప్పి చూడటం అలవాటు చేయించాం.

చదువుకు అక్షరాన్ని వేలితో దిద్దే పద్ధతి వాడాం. కంటికి ప, వ, ష అన్నీ ఒకటేలా ఉన్నా, అరచేతిలో దిద్దితే చెయ్యి గుర్తుపడుతోంది. బస్సు బోర్డు మీది "పాకాల" వరకు చదువుతున్నారు. పేపర్ చదవడం ఇంకా దూరమే.

ఆగస్టులో చివరిసారి చూసినప్పటికి ఆయన మండీకి పోతున్నారు. గ్రేడింగ్ కుప్ప దగ్గర కాదు, కాటా దగ్గర. కాయ ఎంత పక్వానికి వచ్చిందో చేత్తో చూసి చెప్తారు, మచ్చలు చూసే పని ఒక కుర్రవాడిది. కూలి తగ్గింది. కొడుకు అది చెప్పేటప్పుడు ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. వ్యాపారులు ఫోన్‌లో కాయల ఫోటోలు పంపి ధర అడుగుతారు, అది మాత్రం కుదరటం లేదు. ఫోటో వస్తే పక్కవాళ్లకిచ్చి, "కాయ తెచ్చి చేతిలో పెట్టమను, అప్పుడు చెప్తా" అంటారట. డిసెంబర్‌లో మళ్లీ రమ్మన్నాను, కొత్త వస్తువుల సంచీతో. వచ్చే సీజన్‌కు ముందు తోటలకు పోయి చెట్టుమీదున్న కాయను చూపించి పరీక్షించాలని ఉంది. ఆకుల మధ్య, సగం నీడలో, గాలికి ఊగుతున్న కాయ ఆయన కంటికి క్లినిక్ టేబుల్ మీది కాయకంటే సులువో కష్టమో చూడాలి.